బేరి చెక్క మీద ఎనభై రెండు పద్యాలు

సూజో,
మొదటి నెల, ఇరవయ్యో రోజు

ఫాంగ్ ఇంటి కొత్త ఇల్లాలికి,

నీ కొత్త సంవత్సరం ఉత్తరం, దాంతోపాటు పంపిన తీపి అప్పచ్చులు అందాయి. ఉత్తరంలో నన్ను "ప్రియమైన అక్కా" అన్నావు. ఆచారం అదేనని నాకూ తెలుసు. మొదటి భార్య పోయిన ఇంట్లో అడుగుపెట్టిన పిల్ల ఆ పోయినావిడ పుట్టింటికి కూతురవుతుంది. ఆవిడ పేరున్న ఫలకానికి మొక్కుతుంది, ఆవిడ అక్కను అక్కా అంటుంది. మా అమ్మ బతికుంటే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని కన్నీళ్లు పెట్టుకునేది. నేను మా అమ్మను కాను. నీ అప్పచ్చులు కాలవలో బాతులకు వేశాను.

ఎందుకో చెబుతాను విను. మొగుడు పోయినప్పటి నుంచీ నేను ఈ ఊళ్లో కలవారి ఆడపిల్లలకు చదువు చెప్పుకుని బతుకుతున్నాను. పోయిన వారం ఒక పిల్ల తండ్రి నాన్‌జింగ్ నుంచి ఒక పుస్తకం తెచ్చి, "మీ మరిదిగారిదేనట కదమ్మా, మహానుభావుడు" అని నా చేతిలో పెట్టాడు. ఫాంగ్ షావోటింగ్ పద్యాలు. మొత్తం ఎనభై రెండు. వాటిలో ఒక్కటి కూడా వాడిది కాదు. అన్నీ నా చెల్లెలు వెన్‌లాన్‌వి. ఒక్కొక్కటీ అది ఎప్పుడు రాసిందో, ఏ మాట కొట్టేసి ఏ మాట పెట్టిందో నాకు తెలుసు. అది పోయి పదిహేను నెలలు. వాడు దాని నగలు దోచుకున్నా ఊరుకునేదాన్ని.

ఆ ఇంట్లో దాని చేతిరాత ఎక్కడైనా మిగిలి ఉంటే వెతికి పంపు. అంతకుమించి నీతో నాకు పనిలేదు. నువ్వు అచ్చు పలకలు చెక్కే మూ వాళ్ల రెండో పిల్లవని విన్నాను. నీకు చదవడం వచ్చో రాదో. రాకపోతే ఇది ఇంకొకరి చేత చదివించుకోకు. పొయ్యిలో పెట్టెయ్.

నీకు అక్కను కాని,
చియావ్ యున్‌షియు

*

నాన్‌జింగ్,
రెండో నెల, తొమ్మిదో రోజు

ప్రియమైన అక్కకు,

మీరు వద్దన్నా ఇంకే పిలుపూ నాకు తోచలేదు. క్షమించండి.

చదవడం వచ్చక్కా. కాకపోతే తిరగేసి వచ్చు. ఏడేళ్ల వయసు నుంచీ నాన్న బల్ల పక్కన కూర్చుని ఉలి పట్టాను. పలక మీద అక్షరం ఎప్పుడూ తిరగబడే ఉంటుంది కదా, పన్నెండేళ్లొచ్చేదాకా నాకు సరైన రాత కంటే తిరగరాతే తొందరగా అర్థమయ్యేది. "అద్దం పెట్టి చదివించాలి దీని చేత" అని మా నాన్న ఊరంతా చెప్పి నవ్వేవాడు.

మీరు కోప్పడతారు గానీ దాచలేను. ఆ పుస్తకం పలకలు చెక్కింది నేనే. బేరిపండు చెట్టు చెక్కలు, నలభై ఒకటి. పోయిన వసంతంలో ఆయన మా దుకాణానికి ఎత్తి రాసిన ప్రతి తెచ్చారు. "పద్యాలు నావి, చేతిరాత పోయిన నా భార్యది, చక్కగా రాసేది పాపం" అన్నారు. ఆ కాగితాలను చెక్క మీద బోర్లా అంటించి, వాటి మీదుగానే చెక్కాం. పని అయ్యేసరికి కాగితం పొట్టులో కలిసిపోతుంది, ఏమీ మిగలదు. ఆ చేతిరాత నా ఉలి కిందే పోయిందక్కా.

పంతొమ్మిదో పద్యం దగ్గర ఉలి పక్కన పెట్టి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. "చెక్క తడిస్తే పాడవుతుందే!" అని నాన్న తిట్టాడు. తర్వాత ఆయన పెళ్లి మాట కదిపితే, చదువుకున్నవాళ్లింటికి మనమేంటని నాన్న వెనకాడాడు. తలుపు వెనకనుంచి నేనే సరే అన్నాను. ఆ పద్యాలు రాసిన మనిషితో ఒక ఇంట్లో ఉంటే చాలనుకున్నాను.

అందుకే మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. చెల్లెలు పోయిన బాధలో అలా రాసి ఉంటారని సర్దిచెప్పుకున్నాను. వెన్‌లాన్ అక్క కాగితాలన్నీ శవపేటికలో పెట్టేశామని ఆయన అన్నారు. రోజూ అక్క ఫలకం ముందు వేడి అన్నం పెడుతున్నాను. లియన్ పాపకు ముందు పన్ను ఊడింది. ఆరేళ్లకే వాళ్లమ్మ రాసిన పద్యాలు రెండు చెబుతుంది. వాళ్ల నాన్న రాసినవి అనబోయి, చెయ్యి ఎందుకో ఇలా రాసేసింది.

మీ దయకోసం చూసే,
మూ ఇంటి రెండో పిల్ల

*

సూజో,
మూడో నెల, ఆరో రోజు

ఓసి పిచ్చిదానా,

నీ చెయ్యి ఎందుకు అలా రాసిందో నీకే తెలియలేదు. నాకు తెలిసింది. ఆ ఒక్క మాట కోసమే నీకు మళ్లీ రాస్తున్నాను.

నా దగ్గర ఒకే ఒక్క కాగితం ఉంది. చెల్లెలు పోవడానికి ఇరవై రోజుల ముందు రాసిన ఉత్తరం. అందులోది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను, చదువు. "అక్కా, నా ఎనభై రెండు పద్యాలూ తప్పుల్లేకుండా ఎత్తి రాశాను. దగ్గు వచ్చినప్పుడల్లా కుంచె పక్కన పెట్టి మొహం తిప్పుకుంటున్నాను, కాగితం మీద మరక పడకుండా. మొదటి పుటలో నా పేరే వేయిస్తానని ఆయన ఒట్టు పెట్టారు. అది చూశాక పోయినా ఫరవాలేదు."

చూడకుండానే పోయింది.

ఆ ఉత్తరం పట్టుకుని ఫాంగ్ వాళ్ల వంశం పెద్దల దగ్గరికి వెళ్లాను. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. "ఆడవాళ్ల రాతలు గడప దాటకపోవడమే మర్యాదమ్మా. భార్య రాస్తేనేం, భర్త రాస్తేనేం, ఇంటి సొత్తే కదా" అన్నారు. ఆ టీ తాగి నెలైంది, ఇంకా నా కడుపులో కాగుతూనే ఉంది.

నా మాట నమ్మొద్దు. అరవై మూడో పద్యం తియ్యి. వాడు దానికి "జ్వరంలో" అని పేరు పెట్టాడు. "తెల్లారేసరికి ఒక్కరం ఇద్దరమయ్యాం" అని ఉంటుంది. జ్వరం వస్తే మనిషి ఇద్దరవుతాడటే? లియన్ పుట్టిన పొద్దున రాసింది అది! పురుడంటే ఏమిటో తెలియని దద్దమ్మ, జ్వరమని పేరు పెట్టుకున్నాడు. వెళ్లి అడుగు, ఏం చెబుతాడో చూడు.

ఎనిమిదో నెలలో మీ ఊళ్లోనే పెద్ద పరీక్ష. వాడు మూడోసారి కూర్చుంటున్నాడని విన్నాను. తలుపులు మూసేముందు జెండాలు ఊపుతూ పోయినవాళ్ల ఆత్మలను లోపలికి పిలుస్తారు, తెలుసుగా. "మేలు పొందినవాళ్లు మేలు తీర్చుకోండి, పగ ఉన్నవాళ్లు పగ తీర్చుకోండి" అని. ఆ కేక విని చెల్లెలు వెళితే ఎంత బాగుండు! వెళ్లదు. అది మెతకది. బతికున్నప్పుడే గట్టిగా అడగలేకపోయింది.

నేను మెతకదాన్ని కాను. ఆ ద్వారం దగ్గర ఒళ్లంతా తడుముతారు, రొట్టెలు తుంచి చూస్తారు, జోళ్ల అడుగులు కోసి చూస్తారు. అక్షరమున్న గోరంత కాగితం దొరికితే చాలు. అందులో ఏముందో చదవకముందే మెడకు చెక్కపలక బిగించి నెల రోజులు ద్వారం ముందు నిలబెడతారు. ఉన్న పట్టా పీకేస్తారు. జన్మలో మళ్లీ పరీక్ష ఉండదు. ఈ మధ్య నేను అన్నం తింటున్నా, పిల్లలకు పాఠం చెబుతున్నా అదే నా కళ్ల ముందు కనిపిస్తోంది.

కోపంతో రాస్తున్న,
చియావ్ యున్‌షియు

*

నాన్‌జింగ్,
నాలుగో నెల, రెండో రోజు

ప్రియమైన అక్కకు,

అడిగాను.

ఆయన సేమియాలు తింటున్నారు. "అరవై మూడోది నాకు అర్థం కాలేదండీ, ఒక్కరు ఇద్దరు కావడమేంటి?" అన్నాను. "ఒళ్లు తెలియని జ్వరంలో ఎదుటి మనిషి రెండుగా కనిపిస్తాడు. నీకెందుకివన్నీ, ఉలి పట్టే చేతులు" అని నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పంతొమ్మిదోది గుర్తొచ్చింది. "సూదికి దారం ఎక్కించేలోగా కిటికీలో ఎండ పక్కింటికి పోయింది." నన్ను ఏడిపించింది అదే. సరదాకి అన్నట్టు సూదీ దారం ఇచ్చి ఎక్కించమన్నాను. దారం కొస తడపాలని కూడా ఆయనకు తెలియదు. మూడుసార్లు పొడిచి, విసుక్కుని, సూదిని పులుసు గిన్నెలో పడేశారు.

పెరట్లోకి వెళ్లి చాలాసేపు చేతులు కడుక్కున్నాను. అక్కా, నేనెవరి కోసం ఈ ఇంటికొచ్చానో ఆ మనిషి పేరు గోడకున్న ఫలకం మీద ఉంది. ఆ మనిషి కూతురికే నేను రోజూ జడ వేస్తున్నాను. నన్ను మోసం చేసి తెచ్చుకున్నాడు, ఊరికే అచ్చు వేసిపెట్టే మామగారు దొరుకుతాడని! ఇప్పుడు కూడా మా నాన్నకు ఇంకో మూడు వందల ప్రతులు పురమాయించాడు. పరీక్ష రోజుల్లో ఊరంతా చదువుకున్నవాళ్లే ఉంటారట. తను లోపల ఉండగా బస బసకూ, పెద్దల ఇంటింటికీ నన్నే పంచమన్నాడు.

రాత్రీ పగలూ పళ్లు కొరుక్కుంటున్నాను. ఏం చెయ్యమంటారో చెప్పండి.

మీ,
రెండో పిల్ల

*

సూజో,
ఆరో నెల, పద్దెనిమిదో రోజు

ఫాంగ్ ఇల్లాలికి,

రెండు నెలలు జవాబు రాయలేదు. పని తీరలేదు. ఆలోచించాక నాకు కోపం చల్లారింది. పోయినవాళ్లు ఎలాగూ తిరిగి రారు. నువ్వు కూడా మనసు కుదుటపరచుకో.

మరిదికి పరీక్ష కోసం ఒక జోడు కుట్టి ఈ మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. పుట్టింటివాళ్లు జోడు పంపడం మర్యాద కదా. నల్ల గుడ్డ, అడుగు పల్చగా, రూలు ప్రకారమే ఉంది. లోపలికి వెళ్లే రోజు ఇదే తొడిగించు. మరచిపోకు.

లియన్‌కు ఎర్ర దారాల జడకుచ్చులు కూడా పంపాను.

చియావ్ యున్‌షియు

*

నాన్‌జింగ్,
ఏడో నెల, పన్నెండో రోజు

ప్రియమైన అక్కకు,

జోడు అందింది. కుట్టు చాలా గట్టిగా, దగ్గరగా ఉంది. రెండు అడుగులూ వేలితో నొక్కి చూశాను.

ఆయన వేసుకుని చూసుకుని తెగ సంబరపడ్డాడు. "చూశావా, పెద్దావిడ కూడా దారికొచ్చింది" అన్నాడు.

ఒక్క మాట అడుగుతాను. ఇది ఆయన తొడుక్కుని ఆ ద్వారం ముందుకు వెళ్లాలనే మీరు నిజంగా కోరుతున్నారా? ఆలోచించే చెప్పండి. జవాబు వచ్చేదాకా జోడు నా పెట్టెలో ఉంటుంది.

మీ,
రెండో పిల్ల

*

సూజో,
ఏడో నెల, ఇరవై ఆరో రోజు

కోరుతున్నాను. ఇంకేమీ అడగకు. తొడిగించు.

యున్‌షియు

*

నాన్‌జింగ్,
ఎనిమిదో నెల, ఇరవయ్యో రోజు

ప్రియమైన అక్కకు,

మీరు ఈపాటికి వాకిట్లో నిలబడి పడవల కోసం చూస్తుంటారు. వాడి మెడకు పలక పడిందా లేదా అని. పడలేదు. కోప్పడకుండా చివరిదాకా చదవండి.

జోడు వచ్చిన రోజే తెలుసుకున్నాను. ఎడమ అడుగు నొక్కితే గుడ్డ చప్పుడు, కుడి అడుగు నొక్కితే కాగితం చప్పుడు. పుట్టినప్పటి నుంచీ కాగితం దొంతరల మధ్య పడుకున్నదాన్నక్కా, నాకు కాగితం చప్పుడు తెలియకుండా పోతుందా? కుట్లు విప్పాను. మూడు పొరల కింద వెన్‌లాన్ అక్క ఉత్తరం. రాసిన కాగితం ముక్క వీధిలో కనబడితేనే మనం ఏరి బుట్టలో వేసి, గుడి కొలిమిలో మర్యాదగా కాలుస్తాం. అలాంటిది మీరు చెల్లెలి రాతను వాడి పాదం కింద పెట్టారంటే మీ కడుపులో ఎంత మంట ఉందో అప్పుడు అర్థమైంది. దాని ముందు కూర్చుని ఏడ్చాను. అయినా మీరు మనసు మార్చుకుంటారేమోనని ఒకసారి అడిగాను. మీరు మారలేదు.

అందుకని నేనే మార్చాను. మెడకు పలక నెల రోజులే ఉంటుంది. నెల తర్వాత తీసేస్తారు. పుస్తకం మీద వాడి పేరు అలాగే ఉంటుంది. "పాపం, గొప్ప కవి, ఖర్మకాలి దొరికిపోయాడు" అంటారు జనం. అక్క ఉత్తరం కచేరీ కాగితాల్లో పడి ఎలకల పాలవుతుంది. లియన్ దొంగ కూతురవుతుంది. ఇంత తక్కువ శిక్షకు మీ దగ్గరున్న ఒక్క కాగితాన్నీ ఖర్చు పెట్టబోయారక్కా!

ఉత్తరం తీసేసి, అడుగు మళ్లీ కుట్టి, అదే తొడిగించాను. మీరన్నట్టే జరిగింది. ద్వారం దగ్గర రెండు అడుగులూ నిలువునా కోశారు, గుడ్డ పీలికలు తప్ప ఏమీ దొరకలేదు. మూడు విడతల్లో మొదటిది అయ్యాక జోడు టపటపలాడించుకుంటూ, కాపలావాళ్లను బూతులు తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు. వాడు ఎంత దగ్గరగా తప్పించుకున్నాడో వాడికి తెలియదు. నేను వేడినీళ్లు పెట్టి కాళ్లు కడిగాను.

అప్పటికే నా పని సగం అయింది. పలక మీద తప్పు పడితే మేం పలకంతా పారెయ్యం. ఆ ముక్క వరకూ తవ్వి తీసి, గుంటలో కొత్త చెక్క బిగించి, మళ్లీ చెక్కుతాం. అతుకు ఎక్కడుందో మా నాన్న కూడా వేలితో తడిమితే గానీ చెప్పలేడు. మొదటి పుటలో వాడి పేరు తవ్వి తీశాను. బేరి చెక్క గట్టిది, ఊరికే రాదు. ఒక్కో గీత పైకి లేస్తుంటే నాకెంత హాయిగా ఉందో మీకెలా చెప్పను! అక్కడ చియావ్ వెన్‌లాన్ అని చెక్కాను. అరవై మూడో పద్యం పేరు తీసి "కూతురు పుట్టిన పొద్దున" అని పెట్టాను. వాడు తన గురించి తానే రాసుకున్న ముందుమాట పలక ఒకటి ఉంది. దాన్ని పొయ్యిలో పెట్టాను. అన్నం చక్కగా ఉడికింది. ఎంతైనా రాత కదా అని, బూడిద మాత్రం మర్యాదగా నదిలో కలిపాను.

చివర కొత్త పలక ఒకటి చేర్చాను. అక్క ఉత్తరం, ఆమె చేతిరాతలోనే. పుస్తకంలో అక్షరాలూ ఉత్తరంలో అక్షరాలూ ఒకే చేతివని గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఈసారి అసలు కాగితం ఉలి కింద పెట్టలేదు. పల్చటి కాగితం పరిచి గీసుకున్నాను. మీ ఉత్తరం మీకు దీంతోనే పంపుతున్నాను. కొంచెం నలిగింది, అంతే.

వాడు రెండో విడతకు లోపలికి వెళ్లగానే, వాడు చెప్పినట్టే, మూడు వందలూ పంచాను. నాన్న మొదట భయపడ్డాడు. నేను ఉత్తరం చదివి వినిపించాక తనే మోత బుట్ట ఎత్తుకున్నాడు. విడత అయి బయటికొచ్చిన విద్యార్థులు బసల్లో అన్నం తింటూ పుస్తకం చదువుకున్నారు. మావాడు ఇంటికొచ్చి పడి దుంగలా నిద్రపోయి, మర్నాడు లేచి మూడో విడతకు వెళ్లాడు.

అక్కడేమైందో వాడి నోటితోనే విన్నాను. పౌర్ణమి రోజు సాయంత్రం, జవాబు సగం రాసేసరికి, గోడ అవతలి గదిలోంచి మెల్లగా వినబడిందట, "సూదికి దారం ఎక్కించేలోగా" అని. ఆపైన ఒక నిట్టూర్పు, "వెన్‌లాన్ అమ్మా, ఎంత మాటన్నావు తల్లీ!" అని. పక్క గదివాడు పుస్తకం చదివి వచ్చి తనలో తను చెప్పుకుంటున్నాడు, అంతే. వీడికి మాత్రం జెండాల పిలుపు గుర్తొచ్చింది. లేవబోయి సిరా గిన్నె జవాబు మీద బోర్లించుకున్నాడు. మరక పడ్డ జవాబు దిద్దరు కదా. అలాంటి జవాబు రాసినవాళ్లలో వీడి పేరు కూడా గోడ మీద అంటించారు, ఊరంతా చూసింది. అక్క తన కాగితం మీద మరక పడకుండా దగ్గు ఆపుకుంది. అది తలుచుకుని నేను చాలాసేపు ఫలకం ముందే కూర్చున్నాను.

ఇంకా ఉంది. పాలిపోయిన మొహంతో ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆరేడుగురు పెద్దమనుషులు కాచుకుని ఉన్నారు. వాళ్లలో ముసలాయన, పాత జిల్లా అధికారి, నడుం వంచి నమస్కరించాడు. "భార్య పద్యాలు భార్య పేరుతోనే వేయించిన మగవాణ్ని ఈ వయసులో చూడగలిగానయ్యా. నీది పెద్ద మనసు" అన్నాడు.  పుస్తకం చేతికిస్తే మావాడు మొదటి పుట చూశాడు. చివరి పుట చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను టీ పోస్తున్నాను.

"అవును, అది... అది ఆమె చివరి కోరిక" అన్నాడు.

ఏమంటాడు మరి? కాదు, అవి నావే అంటే ఉత్తరం ఉంది. నేనే దొంగిలించానంటే పరువు ఉండదు. వాళ్లు వెళ్లాక, "రాక్షసీ, చంపేస్తాను!" అని చెయ్యెత్తాడు. "గట్టిగా అరవండి. పక్కింటివాళ్లు ఎందుకని అడుగుతారు. చెప్పుకోవాల్సింది మీరే" అన్నాను. చెయ్యి దించాడు. ఆ రోజు నుంచీ రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు, అక్క ఫలకానికి దణ్ణం పెట్టుకుంటామని. తలుపు తీసి, వాళ్లను లోపలికి తీసుకెళ్లి, ధూపం కడ్డీలు అందించేది వాడే. పొగడ్త విన్నప్పుడల్లా తల వంచుతున్నాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. రేపు కూడా చూస్తాను. పదేళ్ల తర్వాత కూడా చూస్తాను.

ఒక చిన్న తప్పు చేశాను, చెప్పేస్తాను. చెక్కినవాళ్ల పేరు పుట అంచున సన్నగా వేసుకోవడం మాకు అలవాటు. ఇన్నాళ్లూ నేను చెక్కినా నాన్న పేరే వేసేవాళ్లం. ఈసారి చివరి పుట అంచున "మూ ఇంటి రెండో పిల్ల" అని నా పేరు వేసుకున్నాను. అక్క పక్కన చోటు తీసుకున్నందుకు మీరు కోప్పడితే చెప్పండి, అదీ తవ్వేస్తాను.

మీ,
రెండో పిల్ల

*

సూజో,
తొమ్మిదో నెల, ఐదో రోజు

ప్రియమైన చెల్లీ,

తవ్వావంటే చెయ్యి విరగ్గొడతాను.

ఉత్తరం చదువుతూ సగం దాకా నిన్ను తిట్టాను. జనం వాణ్ని పొగిడారన్న చోట పళ్లు పటపట కొరికాను. "అది ఆమె చివరి కోరిక" అన్న చోటికొచ్చేసరికి నవ్వొచ్చింది. పాఠం మధ్యలో పిల్లల ముందు, రెండేళ్లలో మొదటిసారి, కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత ఏడ్చాననుకో. నేను వాణ్ని నెల రోజులు నిలబెట్టాలనుకున్నాను, నువ్వు బతికినంతకాలం నిలబెట్టావు. నిజం చెప్పనా, నాకు అసూయగా ఉంది.

ఉత్తరం అందింది. దాన్ని కాలి కింద పెట్టినందుకు చెల్లెలికి క్షమాపణ చెప్పుకున్నాను. పుస్తకం మొదటి పుట తెరిచి దాని పేరు మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచాను. అతుకు నాకు తెలియలేదు.

వచ్చే నెల దాని సంవత్సరీకానికి ఆ ఇంటికొస్తున్నాను. వాడే తలుపు తియ్యాలి. నేను కూడా వాణ్ని పొగుడుతాను, బాగా గట్టిగా, పదిమందిలో. ఏం పొగడాలో ఇప్పటి నుంచే ఆలోచించుకుంటున్నాను.

నీ పాదాల కొలత పంపు. చిన్నప్పుడు కట్లు కట్టి బిగించని పెద్ద పాదాలని విన్నాను, గుడ్డ ఎక్కువే పడుతుంది, పడనీ. జోడు కుట్టి తెస్తాను. అడుగున గుడ్డ తప్ప ఏమీ ఉండదు, నొక్కి చూసుకో. ఈసారి అప్పచ్చులు కూడా చెయ్యి. బాతులకు వెయ్యను.

నీ అక్క,
యున్‌షియు